మాటకు హద్దు ఎక్కడ?

ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడుగా పనిచేయుచున్న మిత్రుడొకడు ఒకనాడు కొన్ని కాగితములు తెచ్చి నా ముందు పెట్టెను. అవి ఆ పాఠశాల అడ్మిషన్ రిజిస్టరు నుండి కంప్యూటరులోనికి ఎక్కించిన విద్యార్థుల పట్టికలు. విద్యార్థి పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, మండలము, జిల్లా అన్నియు తెలుగులోనే ఉన్నవి. వారిలో ఒక బాలిక పేరు విమల. టైపు చేసినవారు పొరపాటున ఆ పేరును నిర్మల అని కొట్టిరి. హాజరు, మార్కులు, ఉపకార వేతనములు, బస్సు పాసులు, ఇట్లు ఏ పట్టిక చూచినను ఆ తప్పే. మిత్రుడు జాగ్రత్తపరుడు. ఆ బడిలో నిర్మల అను పేరు గల బాలిక వేరొకతె లేదని ముందుగా విచారించెను. తరువాతనే, "నిర్మల అని ఉన్న ప్రతి చోటను విమల అని మార్చుము" అని యంత్రమునకు చెప్పెను. రెప్పపాటులో పని ముగిసెను.

పని ముగిసిన తరువాత చూడగా విమల పేరు సరిగానే ఉన్నది. కాని నిర్మలాదేవి అను మరొక బాలిక విమలాదేవి అయినది. అంతటితో పోలేదు. పట్టికలో నిర్మల్ జిల్లా అని ఉన్నచోట నెల్ల విమల్ జిల్లా అని ఉన్నది. భారతదేశ పటములో ఎంత వెదకినను అట్టి జిల్లా కానరాదు.

ఇది నవ్వి ఊరకుండదగిన విషయము కాదు. ఉద్యోగములలో స్థానికతను నిర్ణయించునప్పుడు చిన్న తరగతులు చదివిన బడి ఇచ్చిన బోనఫైడు పత్రమే ప్రధానాధారము. ఆ పత్రము ఇటువంటి పట్టిక నుండియే ముద్రితమగును. పదవ తరగతి మెమోలో ఒక పేరు, బోనఫైడులో మరొక పేరు ఉన్నచో, ఆ పిల్ల కొన్ని సంవత్సరముల తరువాత కార్యాలయముల చుట్టు తిరుగవలసి వచ్చును. కాబట్టి ఒక మాటను తీసి మరొక మాటను పెట్టు పనిని యంత్రము ఎట్లు చేయునో, ఎక్కడ తప్పునో, ముఖ్యముగా తెలుగులో ఏల తప్పునో ఉపాధ్యాయులును, విద్యార్థులును తెలిసికొని ఉండుట మంచిది.

ఆదేశము మనకు కొత్త కాదు

ఒకదాని స్థానమున మరొకటి వచ్చుటను మన వ్యాకరణములో ఆదేశము అందురు. ఆగమము మిత్రుని వలె వచ్చి ప్రక్కన చేరును. ఆదేశము శత్రువు వలె వచ్చి ఉన్నదానిని వెడలగొట్టి తాను కూర్చుండును అని వైయాకరణులు చెప్పుదురు. ఉన్నత పాఠశాల విద్యార్థులందరును గసడదవాదేశ సంధిని చదివియుందురు. వాడు, పోయె అను రెండు మాటలు కలిసినపుడు వాడువోయె అగును. ఇందు పకారము పోయి వకారము వచ్చినది. అయితే పకారము కనబడిన ప్రతి చోటను వకారము రాదు. ముందు ప్రథమావిభక్తి పదము ఉండవలెను. అనగా ఆదేశమునకు మూడు విషయములు కావలెను: దేనిని తీయవలెను, దేనిని పెట్టవలెను, ఏ పరిసరములలో ఈ పని జరుగవలెను. పాణిని సంస్కృత వ్యాకరణమును ఇట్టి సూత్రములతోనే నిర్మించెను. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణములోను ఇదే పద్ధతి కానవచ్చును.

మన మిత్రుడు యంత్రమునకు మొదటి రెండు విషయములే చెప్పెను. మూడవది చెప్పలేదు. అనర్థమంతయు అచ్చటనే పుట్టెను.

నమూనా సూత్రము

ఈ మూడవ విషయమును యంత్రమునకు చెప్పుటకు ఒక చిన్న భాష కలదు. దానిని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అందురు. మనము ఈ వ్యాసములో నమూనా సూత్రము అని పిలుచుకొందము. దీని పుట్టుక కంప్యూటరు గదిలో జరుగలేదు. మెదడులోని నాడీకణముల అల్లిక ఎట్టి సంకేతములను గుర్తింపగలదు అను ప్రశ్నను విచారించుచు, అమెరికా గణితవేత్త స్టీఫెన్ క్లీనీ 1951లో ఈ సూత్రములను కల్పించెను. అది 1956లో అచ్చయినది. 1968లో కెన్ థామ్సన్ ఈ సూత్రములతో వ్రాతలో మాటలను వేగముగా వెదకు పద్ధతిని ప్రకటించెను. నాటి నుండి ఇవి కంప్యూటరు పనివారి చేతిలో నిత్యము ఆడు పనిముట్లయినవి.

నమూనా సూత్రములో మామూలు అక్షరము తనను తానే సూచించును. కొన్ని గుర్తులకు మాత్రము ప్రత్యేకార్థములు కలవు. నిలువుగీత "లేదా" అని చెప్పును. కొమురం భీం పేరును వ్రాయువారు పలు రీతుల వ్రాయుచుందురు. ఆ రూపములన్నిటిని ఒక్కమారు వెదకుటకు ఇట్లు వ్రాయవచ్చును:

(కొమరం|కొమురం|కుమురం|కుమ్రం) భీం

చదరపు కుండలీకరణము "వీటిలో ఏదైన ఒకటి" అని చెప్పును. దానిలోని అడ్డగీత "నుండి, వరకు" అని చెప్పును. కాబట్టి 20[0-9][0-9] అనిన 2000 మొదలు 2099 వరకు గల ఏ సంవత్సరమైనను దొరకును. ప్రశ్నార్థకము ముందున్నది "ఉన్నను సరే, లేకున్నను సరే" అని చెప్పును. నక్షత్రపు గుర్తు ముందున్నది ఎన్నిసారులైన రావచ్చునని, అసలు రాకపోయినను సరేనని చెప్పును. ఈ నక్షత్రము క్లీనీ పేరుతోనే ప్రసిద్ధమైనది.

ఇక మాట హద్దు సంగతి. ఆంగ్లములో పిల్లి అని అర్థమిచ్చు క్యాట్ అను మూడక్షరముల మాట, విద్య అని అర్థమిచ్చు ఎడ్యుకేషన్ అను మాట నడుమ యథాతథముగా దాగియున్నది. పిల్లిని కుక్కగా మార్చబోయినచో విద్య నడుమ కుక్క వచ్చి చేరును! దీనిని వారించుటకు ఆ భాషవారు ఒక హద్దు గుర్తును పెట్టుకొనిరి. వెనుకకు వాలిన గీతయు, దాని ప్రక్క రోమను లిపిలోని చిన్న బి అక్షరమును కలిసి ఆ గుర్తగును. మాటకు ముందును వెనుకను ఆ గుర్తును పెట్టినచో పూర్తి మాటయే దొరకును, మాటలోని ముక్క దొరకదు. ఆంగ్లములో ఇది చక్కగా పనిచేయును.

అట్లయిన మిత్రుడు ఈ హద్దు గుర్తును వాడియున్నచో నిర్మల్ జిల్లా బ్రతికెడిదా? బ్రతుకదు. ఏల బ్రతుకదో తెలియుటకు యంత్రము తెలుగును ఎట్లు చూచునో గమనింపవలెను.

యంత్రమునకు నిర్మల ఆరు ముక్కలు

పలకపై వ్రాయు పిల్లవాడు నిర్మల అను మాటలో మూడక్షరములు లెక్కపెట్టును: ని, ర్మ, ల. యంత్రము ఆరు లెక్కపెట్టును: న, గుడి, ర, పొల్లు, మ, ల. ప్రపంచములోని లిపులన్నిటికి అంకెలు కేటాయించిన యూనికోడు పద్ధతిలో తెలుగునకు 3072 నుండి 3199 వరకు 128 స్థానములు ఇయ్యబడినవి. ఆ లెక్కలో నకారము 3112, గుడి 3135, రకారము 3120, పొల్లు 3149, మకారము 3118, లకారము 3122. కంప్యూటరులో నిలిచియుండునది ఈ అంకెల వరుసయే. మనము చూచు ఒత్తులు, గుణింతములు ముద్రించునప్పుడు కూర్చబడు రూపములు.

ఇప్పుడు నిర్మల్ అను ఊరిపేరు చూడుడు. అవే ఆరు ముక్కలు, చివర మరొక పొల్లు. నిర్మలాదేవి చూడుడు. అవే ఆరు ముక్కలు, తరువాత దీర్ఘము, ఆపైన దేవి. మన కంటికి నిర్మల్ అను మాటలో ల లేదు, ల్ ఉన్నది. యంత్రము కంటికి ల కూడ ఉన్నది, దాని వెనుక పొల్లు ఉన్నది. అందుచేతనే మిత్రుని ఆజ్ఞ ఆ మాటలకును తగిలెను. నిర్మల పోయి విమల రాగా, మిగిలిన పొల్లు విమలకు తగులుకొని విమల్ అయినది.

హద్దు గుర్తు తలక్రిందులగుట

హద్దు గుర్తు హద్దును ఎట్లు కనిపెట్టును? ఒక ప్రక్క మాటలో చేరదగిన గుర్తు, రెండవ ప్రక్క చేరదగనిది ఉన్నచో నడుమ హద్దు ఉన్నదని భావించును. ఏ గుర్తులు మాటలో చేరదగినవి అను నిర్ణయములోనే చిక్కు వచ్చినది. యూనికోడు తన గుర్తులను తరగతులుగా విభజించినది. అచ్చులు, హల్లులు అక్షరములను తరగతిలో ఉన్నవి. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న చిహ్నములను వేరు తరగతిలో ఉన్నవి. నేడు మన కళాశాలలలో బోధింపబడుచున్న పైథాన్ భాషతోపాటు వచ్చు సాధారణ శోధనాభాగము అక్షరములను, అంకెలను, అడుగుగీతను మాత్రమే మాటలో చేర్చుకొనును. చిహ్నములను చేర్చుకొనదు. అనగా దాని దృష్టిలో గుడి, కొమ్ము, పొల్లు అన్నియు ఖాళీ స్థలము వంటివే!

దీని ఫలితములు చూడుడు. హద్దు గుర్తుల నడుమ నిర్మల అని పెట్టి వెదకినచో:

నిర్మల్ అను మాటలో దొరకును. లకారము తరువాత పొల్లు ఉన్నది, అది అక్షరము కాదు, కాబట్టి మాట ముగిసినదని యంత్రము అనుకొనును.

నిర్మలాదేవి అను మాటలోను దొరకును. లకారము తరువాత దీర్ఘము, అదియు అక్షరము కాదు.

నిర్మలకు అను మాటలో దొరకదు. లకారము తరువాత కకారము అక్షరమే గనుక మాట ఇంకను సాగుచున్నదని అనుకొనును.

మార్చరాని చోట మార్చి, మార్చవలసిన చోట వదలివేయుట అనగా ఇదియే.

కరీంనగర్ సంగతి మరియు వింతగా ఉండును. ఈ పేరు పొల్లుతో ముగియును. వాక్యములో కరీంనగర్ అని విడిగా ఉండి తరువాత ఖాళీ ఉన్నప్పుడు, పొల్లును ఖాళీని రెండును మాటలో చేరనివే గనుక అచ్చట హద్దు లేదని యంత్రము చెప్పును. ఎదుట నిలిచియున్న కరీంనగర్ దానికి కనబడదు. ఆదిలాబాద్, నిర్మల్, ఆసిఫాబాద్ కూడ పొల్లుతో ముగియునవే. పెద్దపల్లి గుడితో ముగియును. ఇవి ఏవియు విడిగా ఉన్నప్పుడు దొరకవు. మంచిర్యాల, జగిత్యాల, సిరిసిల్ల మాత్రము ఒట్టి లకారముతో ముగియుటచే దొరకును. ఒక పటము మీది ఊళ్లలో కొన్ని కనబడి కొన్ని కనబడకుండుటకు కారణము ఊరి పేరులోని చివరి చిహ్నమే!

జావాస్క్రిప్ట్ భాషలోని హద్దు గుర్తు రోమను అక్షరములను, అంకెలను, అడుగుగీతను తప్ప వేరేదానిని మాటలో చేర్చుకొనదు. దానికి తెలుగంతయు ఖాళీయే. అచ్చట ఏ తెలుగు మాటయు దొరకదు. చిహ్నములను కూడ మాటలో చేర్చవలెనని యూనికోడు సంస్థవారి సూచన కలదు. దానిని పాటించు సాధనములును కలవు. కాబట్టి సాధనము మారినచో హద్దు మారును. ఈ సంగతి ఎరుగక ఒకచోట పనిచేసిన సూత్రమును మరొకచోట వాడుట ప్రమాదము.

హద్దును మనమే గీయుట

దీనికి ఉపాయము కలదు. యంత్రము గీసిన హద్దును నమ్మక, మనకు కావలసిన హద్దును మనమే చెప్పవలెను. "ఈ మాటకు ముందు తెలుగు గుర్తు ఏదియు ఉండరాదు, తరువాతను ఉండరాదు" అను నియమమును ఇట్లు వ్రాయుదురు:

(?<![ం-౯])నిర్మల(?![ం-౯])

చూచుటకు భయము గొల్పినను అర్థము సులభము. చదరపు కుండలీకరణములో సున్న మొదలు తొమ్మిది అంకె వరకు గల తెలుగు గుర్తులన్నియు చేరినవి. అచ్చులు, హల్లులు, గుణింతములు, పొల్లు అన్నియు ఆ నడుమనే ఉన్నవి. అరసున్న మాత్రము సున్నకు ఒక మెట్టు ముందున్నది. అరసున్నలు గల పాత గ్రంథములతో పనియున్నచో అచ్చట నుండి మొదలిడవలెను. మొదటి కుండలీకరణము "వెనుక ఇది ఉండరాదు" అనియు, చివరి కుండలీకరణము "ముందుకు చూడగా ఇది ఉండరాదు" అనియు చెప్పును. ఈ రెండును పరిసరములను చూచునే గాని తాకవు. తీసివేయబడునది నడిమి మాట మాత్రమే. ఇది మన వ్యాకరణములోని "పరమగునపుడు" అను మాట వంటిది. దేనికి పరమైనదో చూతుము, దానిని మార్చము.

ఈ సూత్రముతో నిర్మల్ బ్రతుకును, నిర్మలాదేవి బ్రతుకును. పైథాన్‌లోను ఇది ఇట్లే పనిచేయును.

విభక్తుల చిక్కు

అయినను పని పూర్తి కాలేదు. నిర్మలకు, నిర్మలను, నిర్మలతో అను రూపములు ఇప్పుడు దొరకవు. ఆంగ్లమున పూర్తి మాట అనగా రెండు ఖాళీల నడుమ నున్నది అని చెప్పి సరిపెట్టుకొనవచ్చును. తెలుగున విభక్తి ప్రత్యయము మాటను అంటిపెట్టుకొని ఉండును. కాబట్టి ప్రత్యయముల జాబితాను కూడ యంత్రమునకు ఇయ్యవలెను:

(?<![ం-౯])నిర్మల(?=(కు|ను|తో|లో|చే)?(?![ం-౯]))

నిర్మల తరువాత ఈ ప్రత్యయములలో ఒకటి ఉండవచ్చును, ఉండకపోవచ్చును, ఆపైన తెలుగు గుర్తు ఉండరాదు అని దీని భావము. నిర్మలకు అనునది విమలకు అగును.

ఇచ్చట మనకు అదృష్టము తోడ్పడినది. నిర్మల, విమల రెండును అకారాంతములే గనుక ప్రత్యయము మారలేదు. అన్నివేళల ఇట్లు జరుగదు. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాలు 10 నుండి 31 అయినవి. పాత కరీంనగర్ జిల్లా నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడినవి. పాత ఆదిలాబాద్ నుండి మంచిర్యాల, నిర్మల్, కొమురం భీం ఆసిఫాబాద్ ఏర్పడినవి. రామగుండములోని ఒక బడి తన కాగితములలో "కరీంనగర్‌కు పంపవలెను" అని ఉన్నదానిని పెద్దపల్లికి అనుకూలముగా మార్చుకొనవలెననుకొందము. పేరును మాత్రము మార్చినచో "పెద్దపల్లికు" అని వచ్చును. ఇకారాంతమునకు కి, ని వచ్చునని, తక్కినవానికి కు, ను వచ్చునని తెలుగు పిల్లవానికి ఎవరును చెప్పనక్కరలేదు. యంత్రమునకు చెప్పవలెను. అందుచేత ముందు కరీంనగర్‌కు అనుదానిని పెద్దపల్లికి అనియు, కరీంనగర్‌ను అనుదానిని పెద్దపల్లిని అనియు, కరీంనగర్‌లో అనుదానిని పెద్దపల్లిలో అనియు మార్చి, చిట్టచివర ఒట్టి కరీంనగర్ పని పట్టవలెను. పొడవైన రూపములు ముందు, పొట్టివి తరువాత. ఈ క్రమము తప్పినచో పొడవైనవి మరి దొరకవు.

మరియొక సంగతి. కరీంనగర్‌కు అని వ్రాయునప్పుడు రకారపు పొల్లు క్రింద కకారపు ఒత్తు పడకుండుటకు నడుమ కనబడని గుర్తు ఒకటి వేయుదురు. యూనికోడులో దాని అంకె 8204. కొందరు దానిని వేయుదురు, కొందరు మరచెదరు, కొందరు ఖాళీ విడుతురు. కంటికి దాదాపు ఒక్కటిగానే తోచినను యంత్రమునకు ఇవి మూడు వేరు మాటలు. వెదకినది దొరకలేదని యంత్రము చెప్పినప్పుడు, అది లేదని వెంటనే అనుకొనరాదు.

మార్చరాని మాట

ఇంత చేసినను ఒక విషయము సూత్రమునకు అందదు. ధర్మపురి నేడు జగిత్యాల జిల్లాలోనిది. కాని 2005లో అది కరీంనగర్ జిల్లాలో ఉండెను. ఆ సంవత్సరమున అచ్చట పుట్టిన పిల్లవాని జనన పత్రముపై కరీంనగర్ అనియే ఉండును, ఉండవలెను. దానిని జగిత్యాల అని దిద్దుట తప్పు దిద్దుట కాదు, తప్పు చేయుట. మరియు పాత కరీంనగర్ అంతయు ఒక్క జిల్లాకే పోలేదు. హుజూరాబాదు కరీంనగర్‌లోనే నిలిచినది. వేములవాడ సిరిసిల్లకు, కోరుట్ల జగిత్యాలకు, హుస్నాబాదు సిద్దిపేటకు పోయినవి. కావున ఒక మాటకు బదులు ఒక మాట అను లెక్క ఇచ్చట చెల్లదు. మండలమును చూచి జిల్లాను నిర్ణయింపవలెను. అది మనిషి చేయవలసిన పని. సూత్రము మాటను గుర్తించును. ఆ మాట ఎవరిని గూర్చి, ఏనాటిని గూర్చి చెప్పుచున్నదో గుర్తింపదు.

కాబట్టి పట్టికలతో పనిచేయువారు నాలుగు నియమములు పాటించుట మంచిది. మొదటిది, మార్పునకు ముందు పట్టికకు ఒక నకలు తీసి వేరుగా ఉంచవలెను. రెండవది, "అన్నియు మార్చుము" అను మీటను నొక్కుటకు ముందు, "అన్నియు చూపుము" అని అడిగి దొరకిన మాటలను కంటితో చదువవలెను. మూడవది, ఎన్ని దొరకినవో, ఎన్ని మారినవో లెక్క సరిచూడవలెను. నాలుగవది, మారకూడని మాటలను కూడ పరీక్షలో చేర్చవలెను. మన మిత్రుడు విమల సరియైనదా అని మాత్రమే చూచియున్నచో, నిర్మలాదేవి సంగతి ఆమె ఉద్యోగమునకు పోవు దినమున గాని తెలిసియుండదు. అతడు పట్టిక అంతయు చదివెను గనుక, పాత రిజిస్టరు బీరువాలో భద్రముగా ఉన్నది గనుక, ఆ వారములోనే అన్నియు సరియైనవి.

విద్యార్థులకు ఒక ప్రయోగము

మీ బడిలోని కంప్యూటరులో ఈ పది మాటలను వరుసగా టైపు చేయుడు: నిర్మల, నిర్మల్, నిర్మలకు, నిర్మలాదేవి, కరీంనగర్, కరీంనగర్‌లో, పెద్దపల్లి, జగిత్యాల, వల, వలె. పైథాన్‌లో ముందుగా హద్దు గుర్తులతో నిర్మలను, కరీంనగర్‌ను, వలను వెదకుడు. ఏవి దొరకునో ముందే ఊహించి కాగితముపై వ్రాసికొని, తరువాత సరిచూడుడు. పిదప పైన చెప్పిన మన హద్దు సూత్రముతో అవే మాటలను వెదకి, రెండు ఫలితములను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చుడు. వల అని వెదకగా వలె అను మాటలో చిక్కినచో, కారణము చెప్పగలిగినవారికి ఈ వ్యాసము అర్థమైనట్లే.